స్ప్రెడ్‌షీటు రిజిష్టరు కాజాలదు

నేడు పాఠశాలల ఆఫీసులలో హాజరు, మార్కులు, ఫీజులు, ఉపకార వేతనములు సర్వమును స్ప్రెడ్‌షీటునందే వ్రాయుట వాడుకయైనది. 1979లో అమెరికాలో విసికాల్క్ అను పేర ప్రచారమునకు వచ్చిన ఈ సాధనము కూడికలకును సరాసరులకును మిక్కిలి ఉపకరించు ననుటలో సందేహము లేదు. అయినను లెక్క కట్టుట వేఱు, వివరములను భద్రపఱచుట వేఱు. మొదటి పనికై పుట్టినదానికి రెండవ పనిని పూర్తిగా అప్పగించుట క్షేమము కాదని మా అభిప్రాయము.

కారణములు విన్నవించెదము. బహుళ ప్రచారములోనున్న ఎక్సెల్, మనము ముందుగా కట్టడి చేయనిచో, వ్రాసినదానిని తనకు తోచినట్లు మార్చును. నంబరునకు ముందున్న సున్న లోపించును. పదునైదు అంకెలకు మించిన ఖాతా నంబరులో తరువాతి అంకెలన్నియు సున్నలగును. కొన్ని జన్యువుల పేళ్లు ఇట్లే మార్చి, సెప్టెంబరు తేదీలుగా మాఱిపోవుచుండగా, 2020లో శాస్త్రజ్ఞులు ఆ పేళ్లనే మార్చవలసివచ్చెను. మఱియు 1900కు పూర్వపు తేదీలను అది తేదీలుగా గుర్తింపదు. బందరులో నోబుల్ దొరగారు పాఠశాల స్థాపించినది 1843లో. అట్టి ప్రాచీన పాఠశాలల తొలి విద్యార్థుల జన్మదినములు అందు వట్టి అక్షరములుగా నిలుచునే గాని కాలక్రమమున అమరవు.

అంతకంటె భయంకరమైనది చప్పుడు లేక జరుగు నష్టము. పాత తరహా ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలే పట్టును. ఈ మితి దాటుటచే 2020 సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వఱకు ఇంగ్లండులో 15,841 మంది కోవిడు సోకినవారు దినసరి లెక్కకు రాకపోయిరి. వారితో మెలగినవారికి హెచ్చరిక అందుటయు ఆలస్యమయ్యెను.

మన పాఠశాలలో అన్ని వరుసలు ఉండవు గదా యని కొందఱనవచ్చును. కాని పేళ్లకును మార్కులకును నడుమ ఒక నిలువు వరుస ఖాళీగా నున్నచో, మార్కులను ఎక్కువనుండి తక్కువకు అమర్చినప్పుడు పేళ్లు కదలవు; మార్కులు మాత్రము స్థలము మాఱును. ఒక బిడ్డ కష్టఫలము మఱియొక బిడ్డకు పోవును. పట్టిక మాత్రము ఎప్పటివలెనే నిండుగను అందముగను కనబడును. చేతివ్రాత రిజిష్టరులోనైన కొట్టివేత కంటబడును. దిద్దినవారి చేవ్రాలు ప్రక్కననే యుండును.

కావున స్ప్రెడ్‌షీటును విడువుమని మేము చెప్పము. దాని హద్దు తెలిసి వాడుమందుము. ప్రతి విద్యార్థి వివరములను అతని అడ్మిషను నంబరుతో ముడివేసి, తప్పు తేదీని నిరాకరించు డేటాబేసునందు అసలు రికార్డు నుండవలెను. అది లేనిచోట, వ్రాయకముందును వ్రాసిన పిదపను పేళ్లు లెక్కింపవలెను. ఒకరు వ్రాసినదానిని వేఱొకరు రిజిష్టరుతో సరిచూడవలెను. ఇంటికి వచ్చిన మార్కుల పత్రములో పేరును, పుట్టిన తేదీని, మొత్తమును స్వయముగా చూచుకొనుడని తలిదండ్రులకు మా మనవి.

నూఱు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోయెనని ఉపమానములోని కాపరికి తెలిసినది అతడు లెక్క చూచినందుననే. మన పట్టికలోని ప్రతి వరుసయు ఒక బిడ్డ.