ఇంటిపన్నా, ఆస్తిపన్నా?

మా ఊళ్ళో దాన్ని ఎవరూ ఆస్తిపన్ను అనరు. ఇంటిపన్ను అంటారు. రసీదు మీద ఆస్తిపన్ను అని స్పష్టంగా అచ్చయి ఉన్నా, మా అమ్మ దాన్ని ఇంటిపన్ను రసీదనే ట్రంకుపెట్టెలో దాస్తుంది. ఒకటి జనం మాట, రెండోది కచ్చేరీ మాట, అర్థం మాత్రం ఒకటేననుకుంటూ వచ్చాను నేను. 2021లో ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో పన్ను లెక్కించే పద్ధతి మారినప్పుడు గానీ వాటి నడుమ ఉన్న దూరం నాకు తెలిసిరాలేదు.

అంతకుముందు పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. ఈ ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చునో అంచనా కట్టి, ఆ అంచనా మీద పన్ను వేసేవారు. ప్రశ్న ఇంటి గురించి. 2021 ఏప్రిల్ 1 నుండి ఆధారం మూలధన విలువ అయింది. రిజిస్ట్రేషన్ శాఖ విలువల ప్రకారం స్థలానికింత, కట్టడానికింత అని కూడి, ఆ మొత్తంలో నివాసగృహాలకైతే 0.10 నుండి 0.50 శాతం లోపల, ఇతర కట్టడాలకైతే 0.20 నుండి 2 శాతం లోపల పన్ను నిర్ణయించమన్నారు. ప్రశ్న ఇప్పుడు ఆస్తి గురించి. ఆ విధంగా కచ్చేరీ మాటే చివరికి నిజమయింది.

ఈ మార్పు ఎందుకు వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 2020లో, కరోనా కాలంలో, రాష్ట్రాలు మామూలు పరిమితికి మించి అప్పు తెచ్చుకోవాలంటే కొన్ని సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. ఆస్తిపన్నును రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టడం అందులో ఒక భాగం. పట్టణ సంస్కరణలు చేసిన రాష్ట్రానికి స్థూలోత్పత్తిలో 0.25 శాతం మేర అదనపు అప్పుకు అనుమతి. రాష్ట్రానికి అప్పు కావలసి వచ్చి ఊరి పన్ను మారిందన్నమాట. ఇందుకు నాకు కొంత కష్టంగానే ఉంది. అయితే పాత పద్ధతి ధర్మరాజు పాలన అని మాత్రం అనను. మన పట్టణాలలో ఇళ్ళ పన్నును 2002 తరువాత ఎవరూ సవరించలేదు. దాదాపు ఇరవై ఏళ్ళపాటు నిన్నటి అద్దెలతో నేటి మురుగుకాలువలు తవ్వాలన్నారు. ఇల్లున్నవాళ్ళమంతా, నాతో సహా, ఆ మౌనం వల్ల లాభపడినవాళ్ళమే.

సరే, మా ఇంటి సంగతికి వస్తాను. కృష్ణా డెల్టాలో ఓ చిన్న పట్టణం. నాన్నగారు కట్టించిన ఇల్లు, రెండు వందల గజాల స్థలం. అమ్మ ఒక్కతే ఉంటుంది. ఏడాదికి 1,640 రూపాయలున్న పన్ను 1,886 అయిందని నోటీసు వచ్చింది. "ఎంతరా, రెండొందల చిల్లర. పోనీలే" అంది అమ్మ ఫోనులో. నేనూ పోనీలే అనుకునేవాణ్ణే. కానీ ఆ అంకె మరీ సరిగ్గా 15 శాతం పెరిగి ఉండడం చూసి అనుమానం వచ్చింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. కొత్త లెక్క ప్రకారం పన్ను ఎంత తేలినా, పాత పన్ను మీద 15 శాతానికి మించి ఒక్కసారిగా పెంచరాదని ప్రభుత్వం పరిమితి పెట్టింది. చూడడానికి దయే. కాని మిగిలినది రద్దు కాలేదు, వాయిదా పడింది. ఏటా 15 శాతం చొప్పున పెరిగితే ఏ పన్నయినా ఐదేళ్ళలో రెట్టింపవుతుంది. మా ఇంటికి కొత్త లెక్కలో తేలిన అసలు పన్ను 3,510 రూపాయలు. మా చేతికందిన కాగితంలో ఆ అంకె లేదు. ఏ కొలతతో, ఏ విలువతో అది వచ్చిందో అసలే లేదు. అడిగితే గానీ చూపలేదు. మెట్టు చిన్నది గనుక మేడ ఎంత ఎత్తో ఎవరూ అడగరు. అడగవలసిన గడువేమో మొదటి మెట్టు దగ్గరే దాటిపోతుంది.

వివరాలు చూస్తే మా పాత వంటసాల అందులో నిక్షేపంగా నిలిచి ఉంది. 1990 మే తుఫానులో దాని పెంకులు లేచిపోయాయి, మరుసటి ఏడు గోడ కూలింది. మున్సిపాలిటీ పుస్తకంలో మాత్రం దానికి చెక్కు చెదరలేదు. తప్పు వాళ్ళదొక్కరిదే కాదు. కూలినట్టు రాసివ్వవలసింది మేము, ఇవ్వలేదు. ముప్ఫై ఏళ్ళుగా లేని వంటసాలకు పన్ను కడుతూనే ఉన్నాం.

కమిషనరుకు రివిజన్ పిటిషన్ రాశాను. గజం విలువ జోలికి పోలేదు. అది రిజిస్ట్రేషన్ శాఖ సొత్తు, మున్సిపాలిటీ గుమాస్తాతో వాదించి ప్రయోజనం లేదు. కొలత, కప్పు రకం, కట్టడం వయసు, వాడుక - పిటిషనుదారు చేతిలో ఉన్నవి ఇవే. వాటిలోనూ వంటసాల మీదే రెండు పేజీలు నింపాను. నా వచన రచనలన్నింటిలోకీ అంత శ్రద్ధగా రాసింది మరొకటి లేదేమో.

కొన్నాళ్ళకు బిల్లు కలెక్టరు టేపు పట్టుకుని వచ్చాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

"మామ్మగారూ, వంటసాల ఎక్కడండీ?"

"అదిగో నాయనా, ఆ కరివేపాకు చెట్టున్న చోట."

అతను నవ్వాడు, కొలిచాడు, రాసుకున్నాడు. తిరిగి వెళుతూ వీధివైపు గది ముందు ఆగాడు. లోపల కుట్టుమిషను నడుస్తోంది. ఆరేళ్ళుగా ఆ గది ఒక టైలరుకు అద్దెకిచ్చాం, నెలకు 900 రూపాయలు. "ఇది ఇంటి కింద రాదండీ" అన్నాడతను, కొంచెం మొహమాటంగానే. అదీ రాసుకున్నాడు.

ఉత్తరువు వచ్చింది. వంటసాల తీసేసినందుకు తేలిన పన్నులో 140 రూపాయలు తగ్గాయి. టైలరు గది నివాసేతరం అయినందుకు 215 పెరిగాయి. అప్పీలుకు వెళ్ళి పన్ను పెంచించుకుని వచ్చిన మొనగాణ్ణని మా బావమరిది నలుగురిలోనూ చెబుతున్నాడు. చెప్పనివ్వండి. లేని వంటసాల గురించి రెండు పేజీలు రాసిన నేను, ఉన్న కుట్టుమిషను గురించి ఒక్క అక్షరమైనా రాయలేదు. అది మరచిపోవడం కాదు. రాస్తూ ఉండగా గుర్తుంది.

అయినా అప్పీలు చేయవలసిందేనంటాను. పన్ను ఎక్కువైందని కాదు, లెక్క చూడడానికి. మనలో చాలామందిమి హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల అవతలో ఉండి, ఊళ్ళో అమ్మానాన్నల ఇంటిపన్ను ఇక్కడి నుండే మీట నొక్కి కట్టేస్తున్నాం. నేనూ అలాగే కట్టాను కొన్నేళ్ళు. మీట నొక్కేటప్పుడు కనబడేది మొత్తం ఒక్కటే. ఈసారి ఆ మొత్తం వెనుక ఉన్న చదరపు అడుగులు, వాడుక అడిగి చూడండి. గోడలు కూలిన ఇళ్ళు, ఎన్నడో ఎత్తేసిన కొట్లు, లెక్కకెక్కని మేడగదులు, మా గదిలాంటివి, ఎన్ని ఉన్నాయో.

ప్రభుత్వాన్ని అడగవలసింది కూడా ఒకటుంది. నోటీసుతో పాటు లెక్క కాగితం ఇవ్వాలి: కొలత, కప్పు రకం, గజం విలువ, అసలు తేలిన పన్ను, ఈ ఏడు వసూలు చేసేది. ఐదు అంకెలు, తెలుగులో. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇంట్లో ఉండేవారికి ఏడాదికి 50 రూపాయలు చాలునని అదే కొత్త పద్ధతిలో ఉంది. మెచ్చదగిన నియమం. అయితే 370 అడుగుల ఇంటిని ఎవరైనా 390 అని రాసి ఉంటే, ఆ ఇంటివారికి అది తెలిసే దారేది? పిటిషన్ రాయడానికి వారికి రెండు పేజీల తెలుగు, ఒక రోజు కూలి, రెండూ కావాలి.

ఇక అమ్మ లాంటివారి సంగతి నాకు ఇప్పటికీ తేలడం లేదు. ఊరి పక్కగా పెద్దరోడ్డు పడింది, గజం ధర పెరిగింది. అమ్మ రాబడి పెరగలేదు. అమ్మితే తప్ప చేతికి రాని విలువ మీద, అమ్మే ఉద్దేశం లేని మనిషి ఏటా పన్ను కట్టాలి. అద్దె లెక్కలో ఈ చిక్కు ఇంతగా లేదు. ఒంటరిగా సొంత ఇంట్లో ఉండే వృద్ధులకు, ఇల్లు చేతులు మారేదాకా పెరుగుదలను నిలిపి ఉంచితే బాగుంటుందని నాకనిపిస్తోంది. ఈ మాట పిటిషనులో రాయడానికి తగిన గడి లేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ఉత్తరువు వచ్చిన రోజు అమ్మ దాన్ని నాచేత చదివించుకుంది. వంటసాలను లెక్క నుండి తొలగించిన వాక్యం దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది. చదివాను. "సరే, పెట్టెలో అడుగున పెట్టు. పైన రసీదులుండాలి" అంది.