మన ఇల్లు – మన బిడ్డలు: పిల్లికూనను వెదకే మరమనిషి



భూపాలపల్లి నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరము మన జిల్లాలలో చాలా ఇండ్ల సంగతే గనుక ఈ నెల దానికే జవాబు వ్రాస్తున్నాను. ఆమె భర్త బొగ్గు గనిలో పనిచేస్తారు. ఇంటర్మీడియట్ చదివే కుమారుడు కాలేజీ ఫీజుకని ఇచ్చిన సొమ్మును సెల్‌ఫోనులోని పేకాటలో పోగొట్టాడు. మొదటి రోజు కొంత గెలిచాడట. అదే వల. తరువాత అంతా పోయింది. ఇప్పుడు తండ్రి ముఖము చూడడు, అన్నము దగ్గర మాట్లాడడు. "అయ్యగారూ, ఇకమీదట మా ఇంట్లో ఏ ఆటా వద్దని ఫోను బీరువాలో పెట్టి తాళము వేశాను. ఆడుటే పాపమా?" అని ఆ తల్లి అడిగారు.

అమ్మా, తాళము వేసినందుకు మిమ్మును తప్పుపట్టను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను మన తెలంగాణలో 2017లోనే నిషేధించారు. దేశమంతటికీ వర్తించేలా 2025లో పార్లమెంటు కూడా చట్టము చేసింది. అయినా చట్టము వచ్చినంత మాత్రాన అలవాటు పోదు. ముందుగా బిడ్డ నోరు విప్పేలా చేయండి. అప్పు ఇచ్చినవారు బెదిరిస్తున్నా, ఖాతాలో సొమ్ము మోసముగా పోయినా 1930 నంబరుకు ఫోను చేయవచ్చు. బిడ్డ మరీ క్రుంగి, బ్రతుకు మీద విరక్తిగా మాట్లాడితే ఆలస్యము చేయక 14416కు చేయండి. అది ప్రభుత్వము నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రము. ప్రార్థన చేయండి, ఫోనూ చేయండి.

ఇక ఆడుట పాపమా అంటే, కాదు. యెరూషలేము తిరిగి కట్టబడిన దినమున దాని వీధులు ఆడుకొనే బాలబాలికలతో నిండి ఉంటాయని జెకర్యా ప్రవక్త 8వ అధ్యాయములో చూపిస్తాడు. దేవుడు బాగుచేసిన పట్టణమునకు గురుతు పిల్లల ఆటలే! గనుక ఆట మంచిదా చెడ్డదా అని కాక, అది నా బిడ్డ వద్దనుండి ఏమి తీసికొంటున్నది అని అడగండి.

ఏమీ తీసికొనని ఆట ఒకటి చెప్తాను. దాని పేరు "రోబోట్ ఫైండ్స్ కిటెన్", అనగా మరమనిషి పిల్లికూనను కనుగొనును అని. 1997లో లియొనార్డ్ రిచర్డ్‌సన్ అనే ఆయన పాత డాస్ కంప్యూటర్ల కొరకు వ్రాశారు. అందులో బొమ్మలు లేవు, రంగురంగుల మెరుపులు లేవు. నల్లని తెర మీద అక్షరములు, గుర్తులు చెల్లాచెదరుగా ఉంటాయి. అడ్డగీతలు, నిలువుగీతలు కలిసిన # గుర్తే మరమనిషి. మిగిలిన గుర్తులలో ఏదో ఒకటి పిల్లికూన. ఏదో చూచి చెప్పలేము. బాణపు మీటలతో నడిపించి ఒక్కొక్కదానిని తాకాలి. తాకిన ప్రతిసారీ అది ఏ వస్తువో ఒక వాక్యము కనబడుతుంది, అదీ నవ్వు పుట్టించేది. కూన దొరికితే ఆ రెండు గుర్తులూ ఒకదాని వైపు ఒకటి జరిగి కలుసుకొంటాయి. అంతే! ఇందులో ఓటమి లేదు, మార్కులు లేవు, గడియారము లేదు, డబ్బు అడిగే కిటికీ లేదు.

గుర్తును మనిషి అనుకొనుట ఏమి ఆట అని కొందరు యువకులు నవ్వవచ్చు. మీ తాతను అడగండి. రచ్చబండ రాతి మీద బొగ్గుతో గీతలు గీసి, మూడు రాళ్ళను పులులన్నారు, చింతగింజలను మేకలన్నారు. ఏ రాయికీ చారలు లేవు. మేక చిక్కితే మాత్రము ఊరంతా కేక వేసింది.

ఈ ఆటకు వెల లేదు. అంతకంటె ముఖ్యమైనది, దానిని ఎట్లు వ్రాశారో ఎవరైనను చదువవచ్చు, మార్చవచ్చు, మార్చినదానిని ఇతరులకు ఇవ్వవచ్చు. పొరుగింటి అక్క ఆవకాయ రుచి చూపి ఊరకుండక కొలతలు కూడ చెప్పినట్లు! అందుకే ఎందరో దానిని లినక్సు కంప్యూటర్లకు, చేతిలో పట్టే పామ్ పరికరములకు, డ్రీమ్‌కాస్ట్ అనే ఆట యంత్రమునకు కూడ తీసికొని వెళ్ళారు. ఇతరులు మూలన పడేసిన కంప్యూటరు మీద కూడ ఇది నడుస్తుంది.

లూకా సువార్త 15వ అధ్యాయములో నాణెము పోగొట్టుకొన్న స్త్రీ మీకు గురుతుకు వచ్చి ఉంటుంది. దీపము వెలిగించింది, ఇల్లు ఊడ్చింది, దొరికేవరకు వెదకింది. దొరకగానే పొరుగువారిని పిలిచింది. ఆట వ్రాసినవారు దీనిని బైబిలు పాఠముగా వ్రాయలేదు, అట్లు చెప్పుట న్యాయము కాదు. కాని ఆదివారపు బడిలో ఆ ఉపమానము చెప్పే ముందు పది నిమిషములు ఈ ఆట ఆడించి చూడండి. ఒకటి తాకి "ఇది కాదు" అని మరియొకదానికి వెళ్ళే ఓపిక ఎంత కష్టమో పిల్లలకు చేతులతోనే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. అందులోని వాక్యములు ఇంగ్లీషువి, అమెరికా హాస్యము. కొన్ని మన పిల్లలకు అర్థము కావు, కొన్ని మోటుగా తోచవచ్చు. ఉపాధ్యాయులు ముందుగా చూచుకోవాలి. మార్చుకొనే స్వేచ్ఛ ఉన్నది గనుక మన యౌవనస్థులే తెలుగు వాక్యములు వ్రాయవచ్చును. అయితే గళ్ళు కొలిచి అక్షరములు పేర్చే ఇటువంటి తెరల మీద మన వత్తులు, గుణింతములు తరచు చెదరిపోతాయి. అందుచేత ముందు కాగితము మీదనే ఆరంభించుట మేలు. కరెంటు పోయినా ఆట ఆగదు.

విధానము ఇది. గళ్ళ నోటుబుక్కులో ఒక పుట తీసికొని ఇరవై గళ్ళలో ఇరవై వేర్వేరు గుర్తులు వ్రాయండి. ఒకరు వేరే కాగితము మీద ఏ గుర్తు ఏ వస్తువో రహస్యముగా వ్రాసికొని, ఒకదానిని మాత్రము పిల్లికూన అనాలి. మిగిలినవారు వంతులవారీగా చింతగింజను గడి గడికి జరుపుతూ వెదకాలి. వస్తువులు మన ఊరివే కావాలి. జనగామ పిల్లలు "పెంబర్తి ఇత్తడి చెంబు, లోపల నీళ్ళు లేవు, కూనా లేదు" అని వ్రాయవచ్చు. మహబూబాబాదువారు "మిరపకాయల బస్తా, తుమ్ము వచ్చింది, పక్కకు జరుగు" అనవచ్చు. భూపాలపల్లివారు "నాన్న గని టోపీ, దీపము ఇంకా వెలుగుచున్నది" అనవచ్చు. డోర్నకల్ పిల్లలకు రైలు కూతలుండనే ఉన్నవి.

ఉత్తరము వ్రాసిన అమ్మకు ఒక మనవి. ఈ ఆటను మీ అబ్బాయి చేత చిన్న పిల్లలకు నేర్పించండి. రహస్యపు కాగితము అతని చేతికే ఇవ్వండి. మొదటి ఆటలో వెదకేవారిలో వాళ్ళ నాన్నగారు కూడ కూర్చుంటే బాగుంటుంది.

మీ ఆదివారపు బడి పిల్లలు వ్రాసిన ఇరవై వస్తువుల జాబితాను కార్డు మీద మాకు పంపండి. మంచివి ఈ పుటలోనే అచ్చువేస్తాము. కూన ఏ గుర్తో మాత్రము మాకు చెప్పవద్దు.