ఓడ ఇంజిన్‌లో పేలుడును ముందే పసిగట్టే పరికరం: బటన్ నొక్కి చూస్తే సరిపోతుందా?

విశాఖపట్నం నుంచి అండమాన్‌కు ఓడలో వెళ్లాలంటే సముద్రం మీద రెండు రోజులకు పైనే గడపాలి. అంతసేపూ కింద డీజిల్ ఇంజిన్లు తిరుగుతూనే ఉంటాయి. లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో ప్రయాణికులకు చూపిస్తారు. ఆయిల్ మిస్ట్ డిటెక్టర్ గురించి ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు. కానీ దాన్ని ఎలా చూసుకుంటున్నారన్నది ఓడెక్కిన ప్రతి ఒక్కరి ప్రాణానికీ సంబంధించిన విషయం.

అసలు ప్రమాదం ఏమిటి?

ఇంజిన్ అడుగున క్రాంక్‌షాఫ్ట్ తిరిగే మూసిన గదిని క్రాంక్‌కేస్ అంటారు. అందులో నూనె తుంపర్లు ఎప్పుడూ ఉంటాయి. అవి పెద్ద బొట్లు, తేలిగ్గా అంటుకోవు. బేరింగ్ దెబ్బతినో, పిస్టన్ పట్టేసో ఒకచోట విపరీతంగా వేడెక్కితే అక్కడ పడిన నూనె ఆవిరవుతుంది. ఆ ఆవిరి పక్కకు జరిగి చల్లబడి తెల్లటి మంచులా మారుతుంది. లీటరు గాలిలో ఈ మంచు సుమారు 50 మిల్లీగ్రాములకు చేరితే పేలే స్థితి వచ్చినట్టే. నిప్పు బయటి నుంచి రానక్కర్లేదు, కాలిపోతున్న ఆ బేరింగే చాలు. మొదటి పేలుడుకు తలుపులు ఊడితే బయటి గాలి లోపలికి దూసుకెళ్లి, మరింత పెద్ద పేలుడు జరగొచ్చు.

1947 సెప్టెంబర్ 11న ఇదే జరిగింది. బెల్‌ఫాస్ట్‌లో మరమ్మతులు ముగించుకున్న బ్రిటిష్ ప్రయాణికుల నౌక రీనా డెల్ పసిఫికో సముద్రంలో ట్రయల్స్‌లో ఉండగా ఇంజిన్లు పేలి 28 మంది చనిపోయారు. మూలం వేడెక్కిన ఒక పిస్టన్. ఆ ఘటన తర్వాతే క్రాంక్‌కేస్ పేలుళ్ల మీద, రిలీఫ్ వాల్వుల మీద గట్టి దృష్టి పడింది. రిలీఫ్ వాల్వు పేలాక ఒత్తిడిని బయటికి వదులుతుంది. డిటెక్టర్ పని పేలకముందే హెచ్చరించడం.

నిబంధన ఏం చెబుతోంది?

ఇంజిన్ గదిలో అన్నివేళలా మనిషి ఉండని నౌకల్లో, 2,250 కిలోవాట్లు, అంతకు మించిన ఇంజిన్లకు, లేదా సిలిండర్ వ్యాసం 300 మిల్లీమీటర్లు దాటిన వాటికి ఈ డిటెక్టర్ గానీ, బేరింగ్ ఉష్ణోగ్రతను చూసే ఏర్పాటు గానీ, దానికి సమానమైనది గానీ ఉండాలని సోలాస్ ఒప్పందం అంటోంది. పేలే స్థాయిలో 5 శాతానికే, అంటే లీటరుకు సుమారు 2.5 మిల్లీగ్రాములకే అలారం మోగాలి.

పరికరం ఉంటే చాలదా?

చిక్కంతా ఇక్కడే. చాలా ఓడల్లో సన్నని గొట్టాలు ఒక్కో సిలిండర్ కింది గాలిని లాగి డిటెక్టర్‌కు పంపుతాయి. అక్కడ ఒక కాంతి కిరణం ఎంత మసకబారిందో కొలుస్తారు. అద్దాలకు జిడ్డు పడితే పరికరమే గోల చేస్తుంది, కాబట్టి అది చిన్న సమస్య. ఒక గొట్టంలో నూనె నిలిచి పూడుకుపోతే మాత్రం ఆ సిలిండర్ గాలి డిటెక్టర్‌దాకా రాదు. లోపల మంచు కమ్ముతున్నా రీడింగ్ ప్రశాంతంగానే ఉంటుంది. అందుకే గొట్టాలు నూనె నిలవకుండా వాలుగా ఉండాలి, వాటిని కాలం ప్రకారం ఊది శుభ్రం చేయాలి.

రెండోది తప్పుడు అలారం. చల్లటి గొట్టంలో నీటి ఆవిరి చేరినా కొన్ని డిటెక్టర్లు దాన్ని నూనె మంచుగానే చూస్తాయి. అర్ధరాత్రి నాలుగుసార్లు ఉత్తినే మోగితే, కారణం వెతకడం కన్నా సెట్టింగ్ కాస్త పైకి జరపడం సులువు. నిజమైన ముప్పు అక్కడ మొదలవుతుంది.

బటన్ నొక్కి బజర్ మోగిస్తే తేలేది వైరింగ్ బాగుందని మాత్రమే. గొట్టం క్రాంక్‌కేస్ వైపు చివర పరీక్ష పొగ పెట్టి, అది అలారం దాకా చేరుతోందా లేదా చూడాలి. ప్రయాణికుల నౌకలకు 12 నెలలకోసారి సర్వే తప్పనిసరి. ఆ సర్వేలో సర్టిఫికెట్‌తో పాటు అలారం లాగ్‌ను, సెట్టింగ్ ఎప్పుడు ఎవరు మార్చారన్న నమోదును అడిగి చూడటం నా దృష్టిలో ఎక్కువ విలువైన పని.

అలారం నిజంగానే మోగితే?

రకాన్ని బట్టి ఇంజిన్ వేగం తగ్గాలి లేదా దానంతటదే ఆగాలి. సిబ్బంది రిలీఫ్ వాల్వుల ఎదురుగా నిలబడకూడదు. ఏం జరిగిందో చూద్దామని వెంటనే తలుపు తెరవకూడదు. కనీసం 20 నిమిషాలు చల్లారనివ్వాలన్నది సాధారణంగా ఇంజిన్ తయారీదారులు చెప్పే మాట. ఈ హెచ్చరిక బోర్డు ఇంజిన్ పక్కనే ఉండాలన్నదీ నిబంధనే.