రేషన్ దగ్గర్నుంచే ఇంగ్లీషు మొదలుపెడదాం

గ్రూపులో వేల ఇంగ్లీషు పదాల పీడీఎఫ్‌లు తెగ తిరుగుతున్నాయి. అవి బట్టీ పట్టడం దండగ అనేది మా అభిప్రాయం.

బడికెళ్లని మన అవ్వలు కూడా రేషన్, స్టేషన్, అప్లికేషన్, రిజర్వేషన్ అంటారు. అన్నింటికీ చివర టి-ఐ-ఓ-ఎన్. ఈ అక్షరాలున్న మాటలు ఇంకేమున్నాయో ఊళ్లో, ఆఫీసు బోర్డుల మీద వెతకండి. వెతికి పట్టుకున్న స్పెల్లింగ్ మర్చిపోం. పెన్షన్ దగ్గర మాత్రం జాగ్రత్త, అక్కడ ఎస్-ఐ-ఓ-ఎన్. మిషన్ భగీరథలో మిషన్‌కి, పర్మిషన్‌కి రెండు ఎస్‌లు. (కుట్టు మిషన్ అసలు వేరే మాట!) తెలుగులో పలికినట్టే రాస్తాం కదా, మనవాళ్లు జారేది ఇక్కడే.

రైల్వే, ఎస్సెస్సీ పరీక్షల రీజనింగ్‌లోనూ ఇలాంటిదే అడుగుతారు: ఇచ్చిన పదంలోని అక్షరాలతో ఏ పదం తయారు కాదు? ఎడ్యుకేషన్‌లోంచి యాక్షన్ వస్తుంది, నేషన్ రాదు. నేషన్‌కి రెండు ఎన్‌లు కావాలి, ఎడ్యుకేషన్‌లో ఉన్నది ఒక్కటే. అక్షరం ఉంటే సరిపోదు, ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టాలి. కోచింగ్‌కి డబ్బు కట్టలేని మనం ఈ మార్కులు ఎందుకు వదులుకోవాలి?

హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు కూర్చోండి చాలు. ఇవాళ్టికి రిజర్వేషన్ తీసుకోండి. అందులో రేషన్ ఉంది. మరి స్టేషన్ ఉందా?