ముద్దకు తోడు గింజలు

కోలారు జిల్లా పల్లెల్లో రాగిముద్దే బలం. అయితే రాగుల్లో కాల్షియం దండిగా ఉన్నా ప్రోటీను నూరు గ్రాములకు ఏడు గ్రాములే, అందులోనూ లైసీన్ తక్కువ. ఉలవలు, చలికాలపు పితికిన అనపపప్పు ఆ లోటు తీరుస్తాయి. పూర్వులు కుదిర్చిన ఈ జోడీ ఎంతో గొప్పది. కానీ పలచని ఉలవకట్టుతో సరిపెడితే ప్రోటీను చాలావరకు గుగ్గిళ్లలోనే ఉండిపోతుంది. వాటిని పశువుల తొట్టిలో వేయడం పెద్ద నష్టం.

భారతీయ వైద్య పరిశోధన మండలి 2020 సిఫార్సు ప్రకారం పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీను కావాలి: అరవై కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అవసరం ఇంకా ఎక్కువ.

వయసుతో కండ కరుగుతుంది. 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) పనిచేసిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. పళ్లు లేవని గంజితోనే పూట గడిపే వృద్ధులకు మెత్తగా ఉడికిన పప్పు, గుడ్డు, పెరుగు పూటపూటా అందాలి.