తండ్రి బొమ్మ, చెట్ల బొమ్మ

ఆంగ్ల చిత్రకారుడు డేవిడ్ హాక్నీ వేసిన ఈతకొలను చిత్రం 2018లో న్యూయార్కు వేలంలో తొమ్మిది కోట్ల డాలర్లకు పైగా పలికింది. పత్రికలన్నీ ఆ ధర గురించే వ్రాశాయి. నాకు మాత్రం ఆయన పది పౌనులకు అమ్మిన బొమ్మ కథే ముచ్చటగా ఉంటుంది.

హాక్నీ 1937లో యార్కుషైరులోని బ్రాడ్‌ఫర్డులో పుట్టాడు. 1955లో, ఇంకా చిత్రకళ నేర్చుకొంటున్న రోజుల్లోనే, తండ్రి కెన్నెత్‌ను కుర్చీలో కూచోబెట్టి ఆయన రూపచిత్రం వేశాడు. తండ్రి ఊరుకొనే రకం కాదు. కొడుకు ఏం వేస్తున్నాడో కనబడేటట్టు చుట్టూ అద్దాలు అమర్చుకొని, రంగులు మురికిగా ఉన్నాయని సలహాలిచ్చాడట! తరవాత లీడ్సు ప్రదర్శనలో ఎవరో పది పౌనులిస్తామంటే, అమ్మనా అని హాక్నీ తండ్రినే అడిగాడు. కేన్వాసు కొన్నది తండ్రి మరి.

1977లో తల్లిదండ్రులిద్దరినీ కలిపి వేశాడు. అంతకుముందు ఒకసారి మొదలుపెట్టి, నచ్చక వదిలేసిన విషయమే అది. తల్లి లారా చేతులు ఒడిలో ఉంచుకొని సూటిగా మనవైపు చూస్తుంది. తండ్రి పక్కకు తిరిగి పుస్తకం మీద వంగిపోయాడు. కొడుకు కోసమైనా కుదురుగా కూచోలేని మనిషి అలాగే చిక్కాడు. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. ఈతకొలను కంటె ఇదే గొప్ప చిత్రమని నా అభిప్రాయం.

చాలాకాలం కాలిఫోర్నియాలో గడిపిన హాక్నీని సొంతగడ్డ వైపు తిప్పినవాడు జొనాథన్ సిల్వర్ అనే మిత్రుడు. 1997లో ఆయన మరణశయ్య మీద ఉండగా, హాక్నీ కారులో యార్కుషైరు కొండదారుల వెంట తరచు వెళ్ళి చూసి వచ్చేవాడు. ఈ నేలను చిత్రించమని ఆ మిత్రుడు కోరాడు.

2007లో వార్టర్ అనే పల్లె దగ్గర చెట్ల గుంపును ఎంచుకొన్నాడు. 50 కేన్వాసులు, కలిపితే 40 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు. వేసింది ఆరుబయట. అంత బొమ్మనూ అక్కడ ఒక్కసారిగా నిలబెట్టి చూసుకొనే వీలేదీ? ముక్కముక్కకూ ఫొటో తీయించి, కంప్యూటరులో కలిపి చూసుకొన్నాడు. చెట్లయితే కదలకుండా ఉంటాయనుకొంటాం గాని, అవీ తండ్రి వంటివే. వసంతం ముదిరి చిగుళ్ళు వేశాయంటే, వేయదలచిన కొమ్మలన్నీ ఆకుల మాటున పడిపోతాయి. ఆ లోగా, వారాల వ్యవధిలో ముగించాడు.

2008లో ఆ చిత్రాన్ని లండనులోని టేట్ ప్రదర్శనశాలకు ఊరికే ఇచ్చేశాడు.