వినోదవనంలో మర్యాద

విదేశీ వినోదవనాలలో ఒక వ్యక్తి ప్రవర్తన చూచి అతని జాతి సంస్కారాన్నే నిర్ణయించడం పర్యాటకులలో తరచు కనిపించే అలవాటు. ఇది న్యాయం కాదని మా అభిప్రాయం.

1983లో ప్రారంభమైన టోక్యో డిస్నీల్యాండ్‌లో ఊరేగింపు చూచేవారిలో ముందు వరుసలవారు చిన్న పట్టాలు పరచుకొని కూర్చుంటారు. వెనుకవారికీ కనపడాలన్నదే అందలి ఆంతర్యం. ఆ సంగతి తెలియక ముందు నిలబడిన పరదేశీయుడు మొరటువాడు కాడు. అక్కడి ఆచార మెరుగనివాడు మాత్రమే.

అయితే నేర్చుకోవలసినవాడు అతిథి ఒక్కడేనా? 1992లో పారిస్ సమీపాన డిస్నీ సంస్థ వనాన్ని తెరచినప్పుడు, తన అమెరికా పద్ధతి ననుసరించి లోపల మద్యం అమ్మలేదు. భోజనంతో ద్రాక్షసారా పుచ్చుకొనే ఫ్రెంచివారికి అది రుచించలేదు. మరుసటి సంవత్సరమే ఆ నియమం సడలింది. మద్యపానాన్ని మేము సమర్థించము. ఆతిథ్యమిచ్చేవారు సైతం అతిథుల అలవాట్లు తెలుసుకోవలసి వచ్చిందన్నదే ఇక్కడ గ్రహింపదగినది. 2019లో షాంఘైలో బయటి ఆహారం తేరాదన్న నియమంపై ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ఆ ఏడే ఆ నియమమూ మారింది.

కావున మర్యాద అన్నది ఏ ఒక్క దేశం సొత్తూ కాదు. ఇరుపక్షాలూ నేర్చుకోవలసిన విద్య. రేపు విదేశాలకు వెళ్ళబోయే మన విద్యార్థులు ముందు చూడాలి, తెలియనిది అడగాలి, వరుస తప్పరాదు. ఎదుటివాడు తప్పినప్పుడు ఆ పనిని తప్పుపట్టవచ్చును, అతని జాతిని కాదు. మన ఒక్కరి పొరపాటుకు మన వారందరినీ నిందిస్తే మనము సహింపగలమా?